డబ్బా కంప్యూటర్‌కి బాక్సుల సౌండ్!

మీ ఫోన్‌లో సీడీ క్వాలిటీ పాట ఒకటి ప్లే అవుతోందనుకోండి. సౌండ్ ఏ ఎత్తులో ఉండాలో సెకనుకు 44,100 సార్లు లెక్క చూస్తుంది. చూసిన ప్రతిసారీ 65,536 మెట్లలోంచి ఒక మెట్టు ఎంచుకుంటుంది. అందుకే వయొలిన్ వయొలిన్‌లా, డప్పు డప్పులా వినిపిస్తాయి.

ఇప్పుడు ఆ మెట్లన్నీ తీసేసి రెండే ఉంచండి. ఒకటి ఆన్, రెండోది ఆఫ్. సగం లేదు, పావు లేదు. స్పీకర్‌ని ముందుకు తొయ్యడం, వెనక్కి లాగడం, అంతే పని. అట్లాంటి మిషన్‌తో కూడా మన వాళ్లు ఒకప్పుడు పాటలు వాయించారు. దాన్ని స్టీరియోకి తగిలించి వినాలంటే ఏం చెయ్యాలి, అసలు ఎందుకు వినాలి అన్నదే ఈ కథనం. బెల్లంపల్లిలో మా కాక ఇంట్లో ఈ పని చేసి చూశాకే రాస్తున్నా.

ఒక్క బిట్ గొంతు

ఆ మిషన్ పేరు జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ 1982 ఏప్రిల్‌లో తెచ్చింది. 48 కేబీ మెమరీ, 3.5 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. మానిటర్ ఉండదు, ఇంట్లో ఉన్న టీవీయే తెర. హార్డ్ డిస్క్ లేదు, మామూలు పాటల క్యాసెట్టే స్టోరేజీ. 1984లో కొంచెం మంచి కీబోర్డుతో స్పెక్ట్రమ్ ప్లస్ వచ్చింది. దాన్నే మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1986లో లైసెన్స్ తీసుకొని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మింది. ఐబీఎం తరహా పీసీ కొనాలంటే మామూలు జీతగాళ్లు భయపడే రోజులవి. కంప్యూటర్ మీద మోజున్న మధ్యతరగతికి ఇదే దిక్కు.

ఇందులో సౌండ్ కోసం వేరే చిప్ లేదు. ప్రాసెసరే కూర్చొని స్పీకర్‌ని ఆన్, ఆఫ్ చేస్తూ ఉంటుంది. సెకనుకు 440 సార్లు ఆ చుట్టు తిప్పితే 440 హెర్ట్జ్ స్వరం వస్తుంది. పాట మోగుతున్నంతసేపూ బేసిక్ ప్రోగ్రామ్ ఇంకే పనీ చెయ్యదు. పైగా 48 కేబీ మోడల్ సౌండ్ టీవీకి వెళ్లదు. డబ్బా లోపలే ఒక చిన్న స్పీకర్ ఉంటుంది. వినపడేది దాని కీచుగొంతే.

అయినా దీనికి సంగీతం నేర్పడం చాలా సులువు. బీప్ అనే ఆజ్ఞ ఒకటి ఉంది. పక్కన రెండు అంకెలు ఇవ్వాలి. మొదటిది ఎన్ని సెకన్లు మోగాలో, రెండోది ఏ స్వరమో. సున్నా ఇస్తే పియానో నడిమి సి, అంటే సుమారు 261.6 హెర్ట్జ్. ఒక్కో అంకె పెరిగితే అర మెట్టు పైకి. ఆ సున్నాని షడ్జమం అనుకోండి. 0, 2, 4, 5, 7, 9, 11, 12 కొడితే మన శంకరాభరణం ఆరోహణ. 0, 2, 4, 7, 9, 12 కొడితే మోహన. సంగీతం క్లాసుకి వెళ్లని వాళ్లకి కూడా రాగం అంకెల్లో అర్థమైపోతుంది.

నాయనమ్మ దిద్దిన అంకె

మా కాక బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. 1989లో హైదరాబాద్ కోఠికి రేడియో సామాన్ల కోసం వెళ్లి, ఎవరో అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్ డీబీ స్పెక్ట్రమ్ ఒకటి కొన్నాడు. రైల్లో ఒళ్లో పెట్టుకొని బెల్లంపల్లి దాకా తెచ్చాడట. షిఫ్టు అయిపోయాక క్వార్టర్‌లో కూర్చొని ప్రోగ్రాములు రాసేవాడు. అందులో ఒకటి, నాయనమ్మ పాడే బతుకమ్మ పాట బాణీ.

ఆ పని ఎట్లా సాగిందో కాక నోట వినాల్సిందే. ఆమె ఒక ముక్క పాడేది. ఈయన అంకె కొట్టేవాడు. మిషన్ కూసేది. ఆమె తల అడ్డంగా ఊపేది. మళ్లీ ఇంకో అంకె.

"ఒక్క కాడ మాత్రం అమ్మ అస్సలు ఒప్పుకోలే బిడ్డా. నాలుగు పెడితే ఎక్కువైంది అన్నది. మూడు పెడితే ఏడుస్తున్నట్టుంది అన్నది. ఆఖరికి మూడున్నర పైన పెట్టిన, 3.6. అప్పుడు నవ్వింది."

స్పెక్ట్రమ్‌లో దశాంశ బిందువుతో కూడా స్వరం ఇవ్వొచ్చు. 4 అంటే దాదాపు 330 హెర్ట్జ్, 3.6 అంటే 322. తేడా ఎనిమిది హెర్ట్జ్‌లే. కానీ ఆమె గొంతు ఆగే చోటు ఆ రెండు మెట్ల మధ్యలో ఉంది. హార్మోనియంలో దొరకని చోటది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఆమె పాడిన పద్ధతికి మిగిలిన సాక్ష్యం ఆ క్యాసెట్ ఒక్కటే. ఈ వేసవిలో బీరువా సర్దుతుంటే అది బయటపడింది. కాకకి ఇప్పుడు 67 ఏళ్లు. చెవులు మందగించాయి. మిషన్ ఆన్ చేసి ఏదో ఒక బీప్ కొట్టి చూపిస్తే, "గా చిన్న డబ్బాల నాకేం వినవడ్తలేదు" అన్నాడు.

ఇందులో ఒక శాస్త్రం ఉంది. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు. చిన్న స్పీకర్‌కేమో మందపాటి శబ్దం తీసే శక్తి ఉండదు. 300 హెర్ట్జ్ స్వరం ఇస్తే అసలు స్వరం నీరసంగా, దాని మీద పుట్టే కీచు పొరలు మాత్రం గట్టిగా వస్తాయి. అంటే డబ్బా ఏది గట్టిగా ఇస్తుందో అదే కాక చెవికి అందదు. అందుకే సౌండ్ పెంచితే సరిపోదు, స్పీకరే మారాలి. ఇంట్లో కాక పాత ఆంప్లిఫైయర్, రెండు చెక్క బాక్సులు ఉండనే ఉన్నాయి.

ఏ వైరు, ఏ కన్నం?

స్పెక్ట్రమ్ వెనకాల 3.5 ఎంఎం కన్నాలు రెండుంటాయి. ఒకదాని మీద మైక్, రెండోదాని మీద ఇయర్ అని రాసి ఉంటుంది. క్యాసెట్ రికార్డర్ కోసం పెట్టినవే కానీ, లోపలి స్పీకర్‌కి వెళ్లే శబ్దం ఈ రెండింటిలోనూ వస్తుంది. ఆంప్లిఫైయర్‌కి మైక్ కన్నం లెవెల్ సరిపోవచ్చని, రెండూ పెట్టి చూసుకొమ్మని మిషన్‌తో వచ్చిన పుస్తకంలోనే ఉంది. ఇయర్ నుంచి వచ్చే శబ్దం కొంచెం గట్టిగా ఉంటుంది. డబ్బా విప్పక్కర్లేదు, సోల్డరింగ్ అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది తడబడతారు. మన ఫోన్ ఆక్స్ వైరు చివర స్టీరియో పిన్ను ఉంటుంది, అంటే దానికి నల్ల గీతలు రెండు. స్పెక్ట్రమ్ కన్నం మాత్రం మోనో. అందులో స్టీరియో పిన్ను పెడితే కుడి ఛానెల్ గ్రౌండ్‌కి తగిలిపోతుంది. ఎడమ బాక్సే పాడుతుంది, కుడిది నోరు మూసుకుంటుంది. "బాక్స్ పోయింది" అని మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి.

కావాల్సింది ఒకవైపు మోనో పిన్ను (ఒకే నల్ల గీత), రెండోవైపు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న వైరు. ఒకే శబ్దం రెండు బాక్సులకూ వెళ్తుంది. దొరక్కపోతే మొబైల్ షాపులో చేయించుకోవచ్చు, పిన్ను మొనను రెండు ఆర్‌సీఏల మధ్య పిన్నులకీ కలపాలి. ఒక మాట గుర్తుంచుకోండి. స్టీరియోకి తగిలించినంత మాత్రాన ఇది స్టీరియో అవ్వదు. రెండు బాక్సుల్లోనూ ఒకే సౌండ్.

ఆంప్లిఫైయర్ వెనకాల ఆక్స్ లేదా టేప్ ఇన్ అని ఉన్నచోట పెట్టండి. ఫోనో అని ఉన్నచోట వద్దు. అది గ్రామఫోన్ రికార్డుల కోసం. చిన్న సిగ్నల్‌ని చాలా పెంచుతుంది, బాస్ ఇంకా పెంచుతుంది, అంతా పగిలినట్టు వినిపిస్తుంది. బాక్సుల తీగలు తగిలించే టెర్మినల్స్‌ని మాత్రం కంప్యూటర్ వైపు తీసుకురావద్దు. వాల్యూమ్ సున్నాలో పెట్టి, వైర్లన్నీ తగిలించాక స్విచ్‌లు వెయ్యండి.

ఇంకో ప్రమాదం అడాప్టర్. స్పెక్ట్రమ్‌కి 9 వోల్టులు కావాలి, అదీ మధ్య పిన్ను నెగెటివ్‌గా. ఈరోజు బజార్లో దొరికే అడాప్టర్లు చాలావరకు మధ్యలో పాజిటివ్. పిన్ను సైజు సరిపోయింది కదా అని గుచ్చితే మిషన్ కాలిపోవచ్చు. కాక మల్టీమీటర్‌తో చూశాకే ప్లగ్ పెట్టనిచ్చాడు.

గుయ్‌మనే హమ్ ఎక్కడిది?

అన్నీ తగిలించి వాల్యూమ్ పెంచితే ముందు వినిపించింది పాట కాదు, "గుయ్" అని ఒక మోత. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి అది బాక్సుల్లో అట్లా పలుకుతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఆంప్లిఫైయర్‌కి ఒక దారిలో ఎర్త్, టీవీకి ఇంకో దారిలో ఎర్త్ ఉండి, ఆ రెండూ మన ఆడియో వైరు ద్వారా కలిసినప్పుడు, ఆ చుట్టులో చిన్న కరెంటు తిరుగుతుంది. అదే మోత.

మొదట అన్ని ప్లగ్గులనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చాం. మోత తగ్గింది కానీ పోలేదు. టీవీకి ఇంకా సెట్‌టాప్ బాక్స్ వైరు వేలాడుతోంది. అది పీకగానే ఇల్లంతా నిశ్శబ్దం. మీకు అప్పటికీ పోకపోతే, కారు ఆడియో షాపుల్లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది. ఆడియో వైరు మధ్యలో తగిలిస్తే చాలు.

ఆంప్లిఫైయర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొడితే మోత పోతుందని కొందరు సలహా ఇస్తారు. మా కాక ముందు ఆ మాట అనకండి. "ఎర్త్ తీసినోడు పాట వినడు, మనమే వాని పాట వినాలె" అన్నాడు. లోపల ఎక్కడైనా తీగ బాడీకి తగిలితే ప్రాణం కాపాడేది ఆ పిన్నే.

క్యాసెట్ కూడా సౌండే

ఇక అసలు పరీక్ష. ప్రోగ్రామ్ క్యాసెట్‌లో ఉంది. మీలో చాలామంది విని ఉండరు, పాత ఫ్యాక్స్ మిషన్ అరిచినట్టుంటుంది ఆ శబ్దం. కానీ అందులో లెక్క ఉంది. ముందు 807 హెర్ట్జ్‌లో ఒక నిలకడైన కూత, "వస్తున్నా, సిద్ధంగా ఉండు" అని. తర్వాత డేటా. బిట్ సున్నా అయితే సుమారు 2,047 హెర్ట్జ్ అల ఒకటి. బిట్ 1 అయితే దానికి సగం, సుమారు 1,023 హెర్ట్జ్ అల ఒకటి. వేగం సెకనుకు ఇంచుమించు 1,500 బిట్లు. మీరు వాట్సాప్‌లో పంపే 300 కేబీ ఫొటో ఒకటి ఈ లెక్కన లోడ్ అవ్వాలంటే 27 నిమిషాలు పడుతుంది!

అంటే ఈ మిషన్‌కి పాట, జ్ఞాపకం రెండూ ఒకే రూపంలో ఉన్నాయి. రెండూ శబ్దమే, రెండూ అవే కన్నాల్లోంచి వెళ్తాయి. క్యాసెట్ మసకబారితే పాట చెడిపోవడం కాదు, ఒక్క బిట్ తప్పినా ప్రోగ్రామే లోడ్ అవ్వదు. తెర మీద "టేప్ లోడింగ్ ఎర్రర్" అని వచ్చేస్తుంది. మాకూ అదే వచ్చింది, వరసగా నాలుగుసార్లు.

అప్పుడు స్టీరియో ఇంకోరకంగా పనికొచ్చింది. టేప్‌రికార్డర్‌ని నేరుగా ఆంప్లిఫైయర్‌కి తగిలించి క్యాసెట్ విన్నాం. కూత మందంగా, దుప్పట్లోంచి వచ్చినట్టుంది. డబ్బా స్పీకర్‌లో ఈ సంగతి తెలియదు, పెద్ద బాక్సుల్లో వెంటనే తెలిసింది. ముందు కాటన్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది టేప్ హెడ్ తుడిచాం. తర్వాత హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ. అది హెడ్ వంపుని సరిచేస్తుంది. 1989లో ఏ రికార్డర్ మీద ఎక్కించాడో దాని హెడ్ ఏ వంపులో ఉందో, ఇప్పుడు ఈ హెడ్ కూడా అదే వంపులో ఉండాలి. క్యాసెట్ తిరుగుతుండగా పావు చుట్టు కూడా కాదు, వెంట్రుకవాసి తిప్పుతూ ఉంటే ఒకచోట కూత కత్తిలా పదునెక్కింది. అక్కడ ఆపాం.

వెంటనే లోడ్ చెయ్యలేదు. పాత టేపు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే ముందు యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేశాం. మీరు చేసేటప్పుడు వేవ్ ఫైల్‌గానే దాచండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపితే సైజు తగ్గించే హడావిడిలో అలల ఆకారం మారిపోతుంది. ఫోన్ మైక్ ముందు పెట్టి రికార్డు చేస్తే ఫోన్ దాన్ని గోల అనుకొని తుడిచెయ్యొచ్చు. వైరుతోనే తియ్యాలి.

ఆ ఫైల్‌ని నా ఫోన్‌లో వేసుకొని, ఫోన్ హెడ్‌ఫోన్ కన్నం నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ కన్నానికి వైరు పెట్టాం. ఫోన్ వైపు స్టీరియో పిన్ను, మిషన్ వైపు మోనో పిన్ను, మధ్యలో ఎడమ ఛానెల్ ఒక్కటే. ఫోన్ వాల్యూమ్ దాదాపు ఫుల్లు. నోటిఫికేషన్ మోగితే అదీ డేటాలో కలుస్తుంది కాబట్టి ఫ్లైట్ మోడ్ తప్పదు. టీవీ తెర అంచుల్లో ఎరుపు, లేతనీలం చారలు, తర్వాత నీలం, పసుపు చారలు పరిగెత్తాయి. ఈసారి ఎర్రర్ రాలేదు.

కాక ప్రోగ్రామ్ రన్ చేశాడు. బాక్సుల్లోంచి వచ్చింది వయొలిన్ కాదు, వీణ కాదు. గరుకుగా, గూడ్సు బండి హారన్‌ని చిన్నగా చేసినట్టుంది. ట్రెబుల్ కొంచెం తగ్గించాం, అంచులు మెత్తబడ్డాయి. రెండో వరుస చివర ఆ 3.6 దగ్గర స్వరం కాస్త వంగి ఆగింది. కాక వేలెత్తి, "గదీ" అన్నాడు. ప్రోగ్రామ్ ఆపి, అక్కడ 4 పెట్టి మళ్లీ వినిపించాడు. ఆ వరుస పుస్తకంలో పాటలా ఉంది. మళ్లీ 3.6 పెట్టాడు. అది నాయనమ్మ పాటలా ఉంది. నేను ఆమె పాడగా వినలేదు, అయినా తేడా తెలిసింది.

మీ దగ్గర వేరే మిషన్ ఉంటే

కమడోర్ 64 దొరికితే అదృష్టవంతులే. దాని సిడ్ చిప్‌లో మూడు గొంతులుంటాయి, ఫిల్టర్ కూడా ఉంటుంది. దాన్ని డిజైన్ చేసిన బాబ్ యానెస్ తర్వాత ఎన్‌సోనిక్ అనే కీబోర్డుల కంపెనీ స్థాపకుల్లో ఒకడయ్యాడు. వెనకాల గుండ్రటి ఆడియో వీడియో సాకెట్‌లో 3వ పిన్ను శబ్దం బయటికి, 2వది గ్రౌండ్. అదే సాకెట్‌లో శబ్దం లోపలికి తీసుకునే పిన్ను కూడా ఉంది, దాన్ని దీన్ని కలపొద్దు.

అమిగా 500కి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ కన్నాలు ఎలాగూ ఉంటాయి. నాలుగు ఛానెళ్లు, రెండు ఎడమకి, రెండు కుడికి. ఇది నిజమైన స్టీరియో. 1984-85 ప్రాంతంలో క్లాస్ పథకం కింద మన దేశంలోని పాఠశాలలకు ఇచ్చిన బీబీసీ మైక్రోలో మూడు స్వరాలు, ఒక గోల ఛానెల్ ఉన్న చిప్ ఉంది. కానీ సౌండ్ బయటికి ఇచ్చే కన్నం లేదు. డబ్బా విప్పి లోపలి నుంచి తీగ తియ్యాలి కాబట్టి, పని తెలిసిన వాళ్లతోనే చేయించండి.

మిషనే లేనివాళ్లు ఫోన్‌లో స్పెక్ట్రమ్ ఎమ్యులేటర్ వేసుకోవచ్చు. బీప్ కొట్టి ఇంట్లో ఎవరైనా పాడే పాటకి అంకెలు వెతకండి. అరగంట కూర్చుంటే ఆ పాటలో మీరు ఇన్నేళ్లూ గమనించని వంపు ఒకటైనా దొరుకుతుంది.

స్టీరియో ఆ పాత డబ్బాకి కొత్త గొంతేమీ ఇవ్వదు. ఒక్క బిట్ ఒక్క బిట్‌గానే ఉంటుంది. అందులో ముందే ఉన్నది మన చెవిదాకా తెస్తుంది, అంతే. ఆ ఉన్నది ఎన్నాళ్లు ఉంటుందన్నదే సమస్య. క్యాసెట్ మీది అయస్కాంతపు పొర ఏటా కొంచెం కొంచెం రాలుతుంది, దాన్ని చదివే రికార్డర్లు తుక్కు కొట్లకి చేరుతున్నాయి, రాసినవాళ్లు ముసలివాళ్లు అవుతున్నారు. ఈసారి దసరాకి ఇల్లు సర్దేటప్పుడు పేరు రాయని క్యాసెట్ కనిపిస్తే చెత్తబుట్టలో వెయ్యకండి. ఒకసారి పెట్టి వినండి. పాట రాకుండా గోల వచ్చిందంటే, ఇంకా జాగ్రత్తగా దాచండి. ఆ గోలని అర్థం చేసుకునే మిషన్ ఎక్కడో ఒక బీరువాలో ఉండే ఉంటుంది.